రుచి మరిగిన, నీళ్లు మరిగిన: మరుగు ఒకటేనా?

కడప: తాత వక్కాకు సంచి తీసినప్పుడల్లా మా అవ్వ అనే మాట చివర మాత్రమే గుర్తుంది: "...మరిగిన ప్రాణం మంచిమాట వినదు." ఇది పద్యపాదమా, సామెతా? ఈ మరుగు, నీళ్లు మరగడంలోని మరుగు ఒకటేనా?

ప్రొద్దుటూరు: ఒకటే. పాలు మరిగేకొద్దీ చిక్కబడతాయి. అలవాటూ అంతే.

ఆదోని: పోలిక అందంగా ఉంది కానీ వ్యాకరణం ఒప్పుకోదు. నీళ్లు మరగడానికి కర్మ అక్కర్లేదు. 'నెత్తురు మరిగిన పులి'లో నెత్తురు కర్మ. ఇవి రెండు వేరు క్రియలు.

ప్రొద్దుటూరు: 'సిగ్గుపడ్డాడు'లో సిగ్గు కర్మా?

ఆదోని: 'సిగ్గును పడ్డాడు' అనలేము. 'రుచిని మరిగాడు' అనగలం. తేడా అక్కడే ఉంది.

రాయదుర్గం: మాకు పక్కనే ఉన్న కన్నడంలో మరుగు అంటే లోలోపల బాధపడటం, జాలిపడటం. కాగడం నుంచే ఆ అర్థం వచ్చిందని నా నమ్మకం. అసలు రూపం మరుగా, మరగా? 'మరగబెట్టిన నీళ్లు' అంటాం కదా.

ఆదోని: అది రుజువు కాదు. పెరుగు, పెరగడం; తిరుగు, తిరగడం. 'రు' అలా 'ర' అవుతూనే ఉంటుంది.

ఒంటిమిట్ట: పోతన మావాడని మా ఊరి నమ్మకం కాబట్టి చెప్పక తప్పదు. 'మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు వోవునే మదనములకు'. మదనం అంటే ఉమ్మెత్త. ఆ తుమ్మెద మకరందం మరిగిందే, ఇక ఉమ్మెత్త వైపు పోదు. అయినా 'తేలు' అన్నాడు చూడండి! మరిగినవాడు బందీ, తేలేవాడు కాదు. ఈ పద్యం చెప్పే ప్రహ్లాదుడి నోట ఆ 'తేలు' మాటే పడాలి.

కదిరి: వేమన సమాధి ఉన్న కటారుపల్లి మాకు దగ్గర, నేను వేమన పక్షం. 'తినగ తినగ వేము తియ్యనుండు'. పోతన తుమ్మెదకు తేనె మొదటినుంచీ తీపే. చేదును మరగడం ఎలాగో చెప్పినవాడు వేమన. బ్రౌన్ 1829లోనే ఆ పద్యాలను అచ్చు వేయించాడంటే ఊరికేనా?

ఒంటిమిట్ట: వేమన చెప్పింది సాధన గురించి. సాధన వేరు, మరగడం వేరు.

కడప: ఇప్పుడే మా అత్తకు ఫోను చేశాను. మొదటి మాట 'ఆకుకు' అట. 'ఆకుకు మరిగిన ప్రాణం'. తక్కినది ఆమెకూ గుర్తులేదు.

ఆదోని: 'కు' ఉందా? నిజమే, 'రుచికి మరిగి' అని నేనూ విన్నాను. అయితే నా కర్మ వాదాన్ని మళ్లీ చూసుకోవాలి. అత్తగారు 'ఆకుకు' అన్నారా, 'ఆకును' అన్నారా? ఇంకొక్కసారి అడుగుతారా?