చైనా అమ్మాయి పాస్‌పోర్ట్ గడువు అయిపోతోంది, వీసా ముందా పాస్‌పోర్ట్ ముందా?

అందరికీ నమస్కారం అండి. మాది బరంపురం, ఒడిశా గంజాం జిల్లా, ఇంట్లో తెలుగే. నేను పెళ్లి చేసుకోబోయే అమ్మాయిది చెంగ్డూ, ఉద్యోగం గ్వాంగ్‌జౌలో. అమ్మానాన్నలకి చూపిద్దామని తనకి ఇండియా టూరిస్ట్ వీసా ఫారం నింపడం మొదలెట్టాం, చైనా వాళ్ళకి 2025 జులై నుంచి మళ్ళీ ఇస్తున్నారు కదా అని ఎంత సంబరపడ్డామో, తీరా చూస్తే తన పాస్‌పోర్ట్ ఇంకా 7 నెలలే ఉంది. కనీసం 6 నెలలు ఉండాలి అంటారు, అంటే ఏ కాగితం లేటయినా గోవిందా.

కొత్తది తీసుకోడం పెద్ద కష్టం కాదంట, 2019 నుంచి సొంతూరు వెళ్ళక్కర్లేదు, ఉన్న సిటీలోనే అప్లై చేయొచ్చు, ఫీజు 120 యువాన్లు. కానీ పాతది అక్కడి పాస్‌పోర్ట్ ఆఫీసు వాళ్ళకి చూపించాలి, అదేమో వీసాకి ఇచ్చేస్తే చేతిలో ఉండదు, పైగా కొత్తదానికి నంబర్ మారిపోతుంది. అప్పుడు ఫారం మళ్ళీ మొదట్నుంచి నింపాలా, లేక పాత పాస్‌పోర్ట్‌లో వీసా వేయించుకుని రెండూ పట్టుకొస్తే ఎయిర్‌పోర్ట్‌లో ఒప్పుకుంటారా?

నాకైతే ముందు పాస్‌పోర్టే మార్చుకోడం మంచిదనిపిస్తోంది. కానీ మా నాయనమ్మకి ఒంట్లో బాలేదు, పిల్లని ఎప్పుడు తెస్తావురా అని రోజూ అడుగుతోంది, అందుకే ఈ తొందర. చైనా వాళ్ళని పెళ్లి చేసుకున్నవాళ్ళు, గ్వాంగ్‌జౌలో వీసా పెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే మీకు ఎలా జరిగిందో కాస్త చెప్పండి అన్నా, అక్కా, ప్లీజ్.