ఆసాత్రూ, హీదెన్, ఓడినిజం... ఇవన్నీ ఒకటేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి

అటకమీది_పుస్తకం:

రెండు నెలలుగా నార్స్, అంటే పాత స్కాండినేవియా పురాణ కథలు చదువుతున్నాను. జ్ఞానం కోసం ఓడిన్ తన కన్ను తీసి మీమిర్ బావిలో వేయడం, తొమ్మిది రాత్రులు చెట్టుకు వేలాడడం, థోర్ తన సుత్తి పోగొట్టుకుని పెళ్లికూతురి వేషంలో వెళ్లి తెచ్చుకోవడం, ఇవన్నీ ఎప్పుడో అంతరించిపోయిన మతం తాలూకు కథలనుకున్నాను. తీరా చూస్తే ఈ దేవుళ్లను ఇవాళ్టికీ కొలిచేవాళ్లు ఉన్నారట. అక్కడే గందరగోళం మొదలైంది. ఒకరు ఆసాత్రూ అంటారు, ఒకరు హీదెన్ అంటారు, ఇంకొకరు ఓడినిస్ట్, వానత్రూ, థియోడిజం అంటారు. ఇవన్నీ ఒకే మతంలో శాఖలా, వేరు వేరు మతాలా?

అసలు బాధ ఇంకోటి ఉంది. ఆసక్తితో ఒక ఆన్‌లైన్ గ్రూపులో చేరి, పూజ ఎలా చేస్తారని అడిగాను. మీ పూర్వీకులు ఏ దేశంవాళ్లు అని అడిగారు. చెప్పాను. పది నిమిషాల్లో నన్ను తీసేశారు, ఒక్క మాట కూడా చెప్పకుండా. ఈ మతం అంతటా ఇంతేనా, లేక నేనే తప్పు చోటికి వెళ్లానా?

రాతిమీద_రాత:

తప్పు చోటికే వెళ్లారండి. మిమ్మల్ని తీసేసిన పద్ధతికి ఒక పేరుంది, దాని వెనక యాభై ఏళ్ల గొడవ ఉంది. అది చివర్లో చెప్తాను, ముందు మొదటి ప్రశ్న.

హీదెన్ అన్నది గొడుగు లాంటి మాట. ఒకప్పుడు క్రైస్తవులు తమ మతంలోకి రానివాళ్లను అలా పిలిచేవారు, ఇప్పుడు వీళ్లే దాన్ని తమ పేరుగా పెట్టుకున్నారు. ఆసాత్రూ అంటే ఆసిర్ అనే దేవతల గుంపు మీద నమ్మకం అని అర్థం, ఈ మాట పుట్టింది 19వ శతాబ్దంలోనే. వైకింగులు తమ మతానికి పేరే పెట్టుకోలేదు, అది వాళ్లకు బతుకులో భాగం, 'ఆచారం' అంతే. అందుకే స్కాండినేవియాలో చాలామంది 'ఫోర్న్ సిద్', అంటే పాత ఆచారం, అన్న పేరునే ఇష్టపడతారు. అందరికీ కలిపి ఒక పవిత్ర గ్రంథం లేదు, ఒక పీఠాధిపతి లేడు, కాబట్టి ఎవరి సంఘం వాళ్లదే.

ఒకటి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి, ఇది తెగకుండా వచ్చిన సంప్రదాయం కాదు. ఐస్‌లాండ్ 1000వ సంవత్సరం ప్రాంతంలో తమ జనసభ ఆల్థింగ్‌లో తీర్మానం చేసి మరీ క్రైస్తవంలోకి మారింది. తీర్పు చెప్పిన థోర్‌గెయిర్ స్వయంగా పాత దేవుళ్లను కొలిచేవాడే. మొదట్లో ఇంట్లో గుట్టుగా పూజ చేసుకోనిచ్చారు, తర్వాత అదీ ఆపేశారు. మనకు దొరికే కథల్లో ఎక్కువ భాగం ఐస్‌లాండ్ రచయిత స్నోరి స్టుర్లుసన్ 1220 ప్రాంతంలో రాసినవి, పద్యాలేమో 1270ల నాటి ఒక రాతప్రతిలో దొరికినవి. అంటే మతం మారిన రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక, క్రైస్తవుల చేతి మీదుగా వచ్చిన రాతలన్నమాట. కథలు మిగిలాయి కానీ పూజ ఎలా చేసేవారో, ఏం పలికేవారో చాలావరకు పోయింది. ఎవరైనా మా తాతముత్తాతల నుంచి గుట్టుగా కాపాడుకుంటూ వచ్చాం అంటే నేనైతే నమ్మను.

ఆ ఖాళీని ఎలా పూడ్చాలన్న దగ్గరే మొదటి చీలిక. ఒక వర్గం పురావస్తు తవ్వకాలు, సాగాలు అనే పాత ఐస్‌లాండ్ గద్యకథలు, ఊళ్ల పేర్లు, క్రీ.శ. 98లో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ జర్మన్ తెగల గురించి రాసింది, ఇలా ఆధారం దొరికినంతవరకే వెళ్తుంది. ఇంకో వర్గం ధ్యానంలోనో కలలోనో తమకు అనుభవమైనదాన్ని కూడా చేర్చుకుంటుంది. ఆ అనుభవానికి 'నిర్ధారించలేని వ్యక్తిగత జ్ఞానం' అనే అర్థంలో యూపీజీ అని ఒక పొట్టి పేరు కూడా ఉంది. చాలామంది ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటారు.

ఎవరు ఎటున్నా, ఇద్దరూ చేసేది ఒక్కటే: బ్లోత్, సుంబెల్. బ్లోత్ అంటే దేవతలకో పూర్వీకులకో నేలను కాచే ఆత్మలకో సమర్పణ. ఒకప్పుడు జంతుబలి ఉండేది, ఇప్పుడు ఎక్కువమంది మీడ్ అనే తేనె సారానో బీరునో నేల మీద పోస్తారు. సుంబెల్‌లో కొమ్ము పాత్ర చేతులు మారుతూ తిరుగుతుంది, దేవుణ్ణో పూర్వీకుణ్ణో తలుచుకుంటారు, ఒట్టు పెట్టుకుంటారు. అక్కడ పలికిన మాటకు విలువ చాలా ఎక్కువ. వాటితోపాటు ధైర్యం, సత్యం, ఆతిథ్యం లాంటి తొమ్మిది ప్రాచీన ధర్మాలు అని కూడా చెప్తారు.

ఇక మీ బాధ సంగతి. రెండో చీలిక 'ఎవరు రావచ్చు' అన్నదాని మీద, నా లెక్కలో అసలు చీలిక ఇదే. రక్తంలో ఉత్తర యూరప్ వంశం ఉంటేనే ఈ దేవుళ్లు మీ దేవుళ్లు అనేవాళ్లను ఫోకిష్ అంటారు. మిమ్మల్ని తీసేసింది వాళ్లే అయ్యుంటారు. పిలుపు అందినవాళ్లు ఎవరైనా రావచ్చు అనేవాళ్లు యూనివర్సలిస్టులు, ఈ మధ్య ఇంక్లూసివ్ అని ఎక్కువ వాడుతున్నారు. ఫోకిష్ వేర్లు 20వ శతాబ్దం మొదట్లో జర్మనీ, ఆస్ట్రియాల్లో పుట్టిన జాతివాద రాతల్లో ఉన్నాయి, నాజీలు రూన్ అక్షరాలను వాడుకున్నదీ ఆ దారిలోనే. ఓడినిజం అనే పేరు పెట్టుకున్న సంఘాల్లో చాలావరకు ఈ వైపువే. అమెరికాలో 1970లలో స్టీఫెన్ మెక్‌నాలెన్ మొదలుపెట్టిన సంఘం ఇదే గొడవతో 1980ల చివరికి విడిపోయింది. 1987లో ద ట్రోత్ పుట్టింది, అది అందరినీ రానిస్తుంది. మెక్‌నాలెన్ 1994లో ఆసాత్రూ ఫోక్ అసెంబ్లీ పెట్టాడు, అది ఫోకిష్. 2016లో చాలా దేశాల సంఘాలు కలిసి ఆ అసెంబ్లీతో మాకు సంబంధం లేదని డిక్లరేషన్ 127 పేరుతో ప్రకటించాయి. చెడు కనిపిస్తే అది చెడేనని చెప్పు అనే అర్థం వచ్చే పద్యం హావమాల్ అనే, ఓడిన్ మాటలుగా చెప్పే పాత కావ్యంలో ఉంది, దాని సంఖ్యే ఆ 127.

మంచుతీరం:

నేను ఐస్‌లాండ్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాను. హీదెన్ కాదు, కానీ థింగ్‌వెల్లిర్‌లో వేసవిలో జరిగే బ్లోత్‌కు రెండుసార్లు వెళ్లాను. ఒకప్పుడు మతం మార్చుకుంటూ తీర్మానం చేసిన చోటే అది, అక్కడే మళ్లీ పాత దేవుళ్లకు పద్యాలు చదువుతుంటే నాకైతే ఒళ్లు జలదరించింది. పెద్ద హంగామా ఏమీ లేదు. మంట వెలిగించారు, ఎడ్డా అనే పాత దేవతల కథల పద్యాలు రాగం తీసి చదివారు, కొమ్ము పాత్ర చేతులు మారింది, తర్వాత అందరూ కలిసి తిన్నారు. నువ్వు ఎక్కడివాడివి అని ఒక పెద్దాయన అడిగాడు, చెప్పాను, అయితే ఇంత చలి నీకు కష్టమే అంటూ తన కంబళి నా మీద కప్పాడు. అటకమీది_పుస్తకం గారూ, అదే ప్రశ్న మీకు ఎదురైన తీరు చదివాక ఇది చెప్పాలనిపించింది.

ఇక్కడి సంఘం పేరు ఆసాత్రూవార్‌ఫెలాగిద్. 1972లో వేసవి మొదటి రోజున స్వెయిన్‌బ్యోర్న్ బెయిన్‌టెయిన్సన్ అనే గొర్రెల రైతు, కవి, కొద్దిమంది స్నేహితులతో పెట్టాడు. 1973లో ప్రభుత్వం గుర్తించింది. గుర్తింపు కోసం మంత్రిని కలిసొచ్చాక పిడుగు పడి ఊళ్లో కరెంటు పోయిందని, అది థోర్ పనేనని ఇప్పటికీ ఇష్టంగా చెప్పుకుంటారు. నాలుగు లక్షలమంది కూడా లేని దేశంలో ఇప్పుడు సభ్యులు ఐదు వేలు దాటారు. వాళ్లు చేసే పెళ్లిళ్లకు చట్టబద్ధత ఉంది, స్వలింగ జంటలకూ చేస్తారు, అందుకు విదేశాల ఫోకిష్ జనం నుంచి తిట్ల ఉత్తరాలు వచ్చాయి. రెయిక్యావిక్‌లో ఓస్క్యూహ్లిద్ గుట్ట మీద 2015లో గుడి కట్టడం మొదలుపెట్టారు, అనుకున్నదానికన్నా ఏళ్ల తరబడి ఆలస్యమైంది.

ఇంకో తేడా కూడా చెప్పాలి. ఇక్కడ నువ్వు నిజంగా ఓడిన్‌ను నమ్ముతావా అని ఎవరూ అడగరు. సంగీతకారుడు హిల్మర్ ఓర్న్ హిల్మార్సన్ 2003 నుంచి సంఘానికి పెద్ద, ఎనిమిది కాళ్ల గుర్రమెక్కిన ఒంటికన్ను మనిషిని ఉన్నదున్నట్టు నమ్మేవాళ్లెవరూ లేరని, అవి ప్రకృతిని, మనసును చెప్పే కవిత్వమని ఆయనే అన్నాడు. అమెరికా హీదెన్‌లు ఎక్కువమంది దీనికి ఒప్పుకోరు, వాళ్లకు దేవుళ్లు నిజంగా ఉన్న వేరు వేరు వ్యక్తులు. డెన్మార్క్‌లో ఫోర్న్ సిద్ అనే సంఘానికి 2003లో గుర్తింపు వచ్చింది. నార్వే, స్వీడన్‌లలోనూ సంఘాలున్నాయి.

నిప్పుకణిక:

రాతిమీద_రాత గారు బాగా రాశారు కానీ ఒక దిద్దుబాటు. ఆ 'తొమ్మిది ధర్మాలు' ప్రాచీనమైనవి కావు. 1970లలో ఫోకిష్ వైపు సంఘాలే హావమాల్, సాగాల నుంచి ఏరి తయారుచేసిన జాబితా అది. మంచి గుణాలే, కాదనను, కానీ ఏ పాత పుస్తకంలోనూ ఆ వరసలో ఉండవు. చాలామంది ఇప్పుడు పక్కన పెట్టేశారు.

చిన్న శాఖల గురించి ఎవరూ చెప్పలేదు. వానత్రూ వాళ్లు ఫ్రేయర్, ఫ్రేయా, న్యోర్డ్ ఉండే వానిర్ దేవతలను ముందు పెట్టుకుంటారు, పంట, సంతానం, సముద్రం వాళ్ల లోకం. థియోడిజం 1976లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైంది, నార్స్ కాదు, ఆంగ్లో-సాక్సన్‌ల ఆచారం దాని మూలం, దొరకు ఒట్టేసి కట్టుబడి ఉండే పద్ధతి, హోదాలు ఉంటాయి. పెన్సిల్వేనియా జర్మన్ల జానపద ఆచారాల మీద నిలిచినది ఉర్‌గ్లావె. నేను ఎక్కువగా పట్టించుకునేది లోకియన్‌లను, అంటే దేవతల మధ్యే తిరిగే జిత్తులమారి లోకిని కొలిచేవాళ్లను. లోకి పేరు ఎత్తితేనే ఒప్పుకోని సంఘాలున్నాయి, ఓడిన్ కొడుకు బాల్డర్ చావుకు కారణమైనవాడికి, లోకం అంతమయ్యే యుద్ధం రాగ్నరోక్‌లో దేవుళ్ల మీదికే వచ్చేవాడికి కొమ్ము పాత్ర ఎత్తుతారా అని వాళ్ల కోపం. వీళ్లేమో, ఓడిన్ తన నెత్తురు కలిపి సోదరుడన్నవాణ్ణి, తనకు పోసిందేదైనా అతనికీ పోయాల్సిందే అన్నవాణ్ణి మనం ఎలా కాదంటాం అంటారు. నాకు వీళ్ల మాటే సబబనిపిస్తుంది.

రక్తం సంగతికొస్తే, ఆ కథల్నే చదవమనండి. ఓడిన్ తల్లి బెస్ట్‌లా యోతున్ల, అంటే దేవతలతో తలపడే రాక్షసజాతి, ఆడపడుచు. థోర్ తల్లి యోర్డ్ కూడా ఆ జాతే. న్యోర్డ్ పెళ్లాడిన స్కాదీ యోతున్ కూతురు, తండ్రి చావుకు పరిహారం అడగడానికి ఆయుధాలు పట్టుకుని వచ్చి దేవతల్లో కలిసిపోయింది. ఆసిర్, వానిర్ కొట్టుకుని సంధి చేసుకుని మనుషుల్ని మార్చుకున్నారు. ఆ దేవుళ్ల ఇంట్లోనే లేని స్వచ్ఛమైన రక్తం వీళ్లకెక్కడిది?

అటకమీది_పుస్తకం:

అందరికీ చాలా థ్యాంక్స్. మంచుతీరం గారూ, ఆ కంబళి మాట చదివాక మనసు కుదుటపడింది. ఒక్క చిన్న డౌట్. థోర్ సుత్తి లాకెట్ వేసుకున్నవాళ్లంతా ఆ ఫోకిష్ బాపతేనా? మా ఆఫీసులో ఒకాయన మెడలో చూశాను, పలకరించడానికి భయమేస్తోంది.

రాతిమీద_రాత:

తొమ్మిది ధర్మాల విషయంలో నిప్పుకణిక గారు చెప్పిందే సరైనది, నాదే పొరపాటు.

సుత్తి గురించి: కాదండి. మ్యోల్నిర్ అన్ని శాఖలవాళ్లూ వేసుకుంటారు, శిలువ కాలంలోనే దానికి పోటీగా వేసుకున్నవి తవ్వకాల్లో దొరికాయి. 2013 నుంచి అమెరికా మాజీ సైనికుల సమాధి రాళ్ల మీద చెక్కించుకోవడానికి అనుమతి కూడా ఉంది. జాతివాదులూ దాన్ని వాడతారు, నిజమే, కానీ ఒక్క లాకెట్ చూసి మనిషిని తేల్చలేం. పలకరించండి. హావమాల్‌లో మొదటి పద్యాలు చాలావరకు గుమ్మంలోకి వచ్చిన అతిథికి ఏమివ్వాలన్న దాని గురించే: మంట, తిండి, పొడి బట్టలు, చేతులు కడుక్కోను నీళ్లు. ఆయనకు అవి తెలుసో లేదో అడిగి చూడండి, మీ పూర్వీకుల గురించి అడుగుతాడో మీరు చదివిన పద్యం గురించి అడుగుతాడో అప్పుడే తెలిసిపోతుంది. ఏ సంఘంలోనైనా చేరేముందు కూడా ఇదే చేయండి, వాళ్ల నియమావళిలో 'పూర్వీకులు', 'జాతి' అన్న మాటలు ఎక్కడెక్కడ వస్తున్నాయో ముందు చదవండి.