నాస్త్యపూపోనా, నాస్తి సూపోనా? కొరియా భోజనబల్ల దగ్గర ఆగిపోయిన రాయల పద్యం

సువన్‌వాసి:
ఒక పద్యపాదం నాలుగు రోజులుగా నమిలేస్తోంది, గుంపులోని పెద్దలు విడిపించాలి. ఇక్కడ సువన్‌లో మా పక్కింటి పెద్దావిడ భోజనానికి పిలిచారు. నువ్వులనూనె కలిపిన పాలకూర, సోయా మొలకలు, బెల్లప్పాకంలా మెరిసే ఎండు చేపపిల్లలు, రకరకాల కిమ్చి, మట్టిపిడతలో కుతకుతమంటున్న దోయెన్‌జాంగ్ (పులియబెట్టిన సోయాముద్ద) పులుసు. బల్ల మీద మోచెయ్యి ఆనించే చోటు కూడా లేదు. ఇంతా పెట్టి ఆవిడ అన్న మాట: "ఛారిన్ గొన్ ఒప్చిమాన్ మాని దుసెయో." అంటే, అమర్చినది ఏమీ లేదు గానీ బాగా తినండి అని. ఇక్కడ అతిథికి ఎవరైనా అనే మాటే ఇది.

అది వినగానే కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో అతిథులకు అన్నం పెట్టే విష్ణుచిత్తుడి ఇల్లు గుర్తొచ్చింది. "నాస్తి శాకబహుతా, నాస్త్యుష్ణతా, నాస్తి సూపో..." దాకా వచ్చి నాలుక ఆగింది. సూపోనేనా? తరువాత ఏమిటి?

అరసున్న:
సూపో కాదండీ, అపూపో. ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసం:

ఆ నిష్ఠానిధి గేహసీమ నడురే యాలించినన్ మ్రోయు నెం
తే నాగేంద్రశయాను పుణ్యకథలున్ దివ్యప్రబంధానుసం
ధానధ్వానము "నాస్తి శాకబహుతా, నాస్త్యుష్ణతా, నాస్త్యపూ
పో, నాస్త్యోదనసౌష్ఠవం చ, కృపయా భోక్తవ్య" మన్ మాటలున్

శార్దూలం. నడిరేయి చెవి ఒగ్గి విన్నా ఆ ఇంట్లో మోగేవి హరికథలు, ప్రబంధ పారాయణం, ఈ వడ్డన మాటలు: కూరలు ఎక్కువ లేవు, వేడిగా లేదు, అపూపాలు (పిండివంటలు) లేవు, అన్నమూ అంత చక్కగా లేదు, దయచేసి భోంచెయ్యండి అని. ఇంకేమీ చెప్పనక్కరలేదనుకుంటాను.

బండి ఱ:
చెప్పాల్సింది చాలా ఉంది. మా గురువుగారు తరగతిలో "నాస్తి సూపో", అంటే పప్పు లేదు, అనే చదివేవారు. తప్పు చదివే మనిషి కారు. కావాలంటే గణాలు వేసి చూడండి. "నాస్త్యపూ" అన్నా "నాస్తి సూ" అన్నా గురువు, లఘువు, గురువే. నాలుగో పాదం మొదట్లో "పో" రెండు పాఠాల్లోనూ ఉంటుంది కనుక "భోక్తవ్య"తో యతికి లోటు లేదు. ప్రాస "నా"లో ఉంది, దానికీ బాధ లేదు. ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు.

అరసున్న:
ఛందస్సు చెప్పకపోతే అర్థం చెబుతుంది. ఆ గృహస్థు లేదంటున్నవన్నీ అదనాలే. శాకాలు లేవనలేదు, శాకబహుత లేదన్నాడు. అన్నం లేదనలేదు, అన్నానికి సౌష్ఠవం లేదన్నాడు. ఆ వరుసలో "పప్పు లేదు" అని ఎలా అంటాడు? పప్పు లేకుండా విస్తరి వేసే ఇల్లు కాదది. బూరెలూ అప్పాలూ లేవనడమే మర్యాద.

బండి ఱ:
అదనాలనే మీ సూత్రానికి "ఉష్ణత" ఎలా లొంగుతుంది? వేడి అదనమా? అపూపం కూడా గుణం కాదు, వస్తువే. అంటే మీ వరుస మీ పాఠంలోనే తెగింది. పైగా శాకం, సూపం, ఓదనం అనేవి విస్తట్లో పక్కపక్కన ఉండేవి. వాటి మధ్య బూరె ఎక్కడినుంచి వచ్చింది?

ఊరగాయజాడీ:
మీ ఇద్దరి మధ్య దూరుతున్నాను, మన్నించాలి. కొరియావాళ్ల సంప్రదాయ వడ్డనలో ఒక లెక్క ఉంది. పక్కవంటకాలను "ఛొప్" అనే కొలతతో లెక్కపెడతారు. మూడు ఛొప్‌లు, అయిదు, ఏడు, తొమ్మిది, రాజుగారికి పన్నెండు. అన్నం, పులుసు, కిమ్చి, నంజుకునే సోయా రసం ఈ లెక్కలోకి రావు. అవి ఉండి తీరాలి కాబట్టి వాటిని ఎవరూ లెక్కపెట్టరు. శాకబహుత అంటే అచ్చంగా ఛొప్‌ల సంఖ్యే. ఈ పద్ధతిలో చూస్తే సూపం లెక్కకు బయటిది, అది లేదనడం కుదరదు. అరసున్న గారికే నా ఓటు.

బండి ఱ:
విజయనగరంలో రాసిన పద్యానికి సియోల్ వడ్డనతో పాఠనిర్ణయం చేస్తారా? బాగుంది. రేపు భారతానికి టోక్యో నుంచి సాక్షులను పిలుద్దాం.

సువన్‌వాసి:
సాక్ష్యం కాదు గానీ, అపూపం గురించి ఒక ముక్క చెప్పనివ్వండి. ఇక్కడ అపూపం స్థానంలో ఉన్నది "తొక్" (మన తొక్కు కాదు, బియ్యప్పిండి వంట). మామూలు పూట బల్ల మీద ఉండదు, పండగలకూ పుట్టినరోజులకూ వస్తుంది. ఛుసొక్ పండగకు చేసే "సొంగ్‌ప్యొన్" అర్ధచంద్రాకారంలో ఉంటుంది, పైన్ ఆకులు పరిచి వాటి మీద ఆవిరికి పెడతారు.

పెద్దావిడ ఇంట్లో నన్ను కట్టిపడేసింది తొక్ కాదు, దాని అచ్చు. "తొక్‌సాల్" అంటారు. అరచేతికి కొంచెం పెద్దదైన కొయ్యముక్క, అత్తగారి నాటిదట. దాని మీద చేప, సీతాకోకచిలుక, బండిచక్రం లాంటి గీతలు, దీర్ఘాయువుకు గుర్తుగా ఒక చీనా అక్షరం చెక్కి ఉన్నాయి. అంచులు అరిగి నున్నబడ్డాయి, గాడుల్లో పాత నువ్వులనూనె నల్లగా పేరుకుంది. మెత్తటి పిండిబిళ్ల మీద నొక్కి తీస్తే బొమ్మ పడుతుంది. మరో నిమిషంలో ఎవరో ఒకరు దాన్ని నోట్లో వేసుకుంటారు. తినేసే దాని మీద ఇంత చెక్కడం ఎందుకని అడిగితే, ఆవిడకు నా ప్రశ్నే అర్థం కాలేదు.

మజ్జిగమిరప:
సువన్ గారూ, ఆ అచ్చు ఫోటో ఉంటే పెట్టండి. ఈ పండితులు ఎలాగూ తేల్చరు.

చాదస్తం:
అసలు ఇదంతా ఎందుకండీ, కొరియా భాష మన చెల్లెలు కదా. వాళ్లకు అన్నం "పాప్", మనకు బువ్వ. వాళ్లకు అమ్మ "ఒమ్మా", నాన్న "అప్పా". అమెరికా మిషనరీ హోమర్ హల్బర్ట్ 1905లోనే కొరియా భాషకూ ద్రావిడ భాషలకూ పోలికలు చూపిస్తూ వ్యాకరణం రాశాడు.

అరసున్న:
రాశాడు. ఆ బంధుత్వాన్ని నేటి భాషాశాస్త్రం ఒప్పుకోలేదన్నది కూడా చెప్పాలి. అమ్మ, అప్ప, బువ్వ పళ్లు రాని పిల్లల మాటలు. పెదవులు కలిపి విప్పితే వచ్చే ధ్వనులతో చుట్టరికాలు కలిపితే లోకమంతా మన మేనమామలే.

చాదస్తం:
హల్బర్ట్ చూపించినది పిల్లల మాటలొక్కటే కాదు. అయినా మేనమామలు ఎక్కువైతే నష్టం ఏమిటి?

మూడోబెంచి:
లెక్కల పంతులుగా నాకు మరో బాధ. సౌష్ఠవం అంటే మా పాఠ్యపుస్తకంలో మధ్యగీతకు రెండు వైపులా ఒకేలా ఉండటం. అన్నానికి సౌష్ఠవం ఏమిటి? కుప్పగా పోస్తే రెండు వైపులా సమానంగా ఉండాలా?

అరసున్న:
ఆ అర్థం నిన్నగాక మొన్న పరిభాష కోసం తెచ్చుకున్నది. సుష్ఠు అంటే చక్కగా, సరిగ్గా. సుష్ఠుత్వమే సౌష్ఠవం. నాట్యశాస్త్రంలోని సౌష్ఠవం కూడా దేహాన్ని చక్కగా నిలపడమే. అంగసౌష్ఠవం అని ఇప్పటికీ అంటున్నాం.

ఊరగాయజాడీ:
అబ్బ, ఈ మాట కోసమే కాచుకున్నాను. కొరియాలో "దాల్ హాంగారి" అనే తెల్లటి పింగాణీ జాడీ ఉంది, చంద్రజాడీ. 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దంలో సియోల్ దగ్గరి క్వాంగ్‌జు రాజ్యబట్టీల్లో చేసినవి ప్రసిద్ధం. అంత పెద్ద జాడీని ఒక్క ఊపులో సారె మీద లేపితే మట్టి నిలవదు. అందుకని రెండు పెద్ద గిన్నెలు చేసి మూతికి మూతి అంటిస్తారు. బట్టీలో వేడికి ఆ అతుకు దగ్గర కొంచెం కుంగుతుంది. ఏ రెండూ ఒకేలా ఉండవు, ఏదీ పూర్తిగా గుండ్రంగా ఉండదు. పంతులుగారి కొలబద్దతో చూస్తే దానికి సౌష్ఠవం శూన్యం, రాయల అర్థంలో చూస్తే దానికి మించిన సౌష్ఠవం ఎక్కడా కనపడదు. ఒక కుమ్మరి పండితుడు, ఇంగ్లండు వాడైన బెర్నార్డ్ లీచ్, 1935లో సియోల్‌లో ఒకటి కొనుక్కుపోయాడు. అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కిమ్ వాన్‌కి అనే చిత్రకారుడు ఈ జాడీలను పోగుచేసి ఇంట్లో పెట్టుకుని, బొమ్మల్లో మళ్లీ మళ్లీ వేశాడు. ఆయన గురించి మొదలుపెడితే రాత్రవుతుంది, అయినా...

అరసున్న:
అయినా వద్దు.

సువన్‌వాసి:
ఓదనసౌష్ఠవం మాత్రం ఇక్కడ తలకిందులు. మన ఇళ్లలో మెతుకు మెతుకు విడివిడిగా రాలితే వంట కుదిరినట్టు. ఇక్కడ మెతుకులు మెరుస్తూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉండాలి, చాప్‌స్టిక్స్‌తో ఎత్తినా విడిపోకూడదు. నేను తెచ్చిన సోనామసూరి వండి పెడితే పెద్దావిడ మర్యాదగా తిని, "గాలికి ఎగిరిపోయేలా ఉంది" అన్నారు. అది ప్రశంసో కాదో ఇప్పటికీ తెలియదు.

బండి ఱ:
రాయలు మెచ్చిన అన్నం ఏదో రాయలే చెప్పాడు, మీకు గుర్తులేదు. అదే ఘట్టంలో ఋతువుల వారీగా వడ్డన పద్యాలున్నాయి. శీతకాలానికి "పునుగుం దావి నవోదనంబు". పునుగు వాసన వేసే కొత్తబియ్యపు అన్నం. అదీ సౌష్ఠవం.

తుంగభద్ర:
ఆ పద్యాలు ఎత్తారు గనుక చెబుతాను. అసలు విషయం అక్కడే ఉంది, మీరందరూ ఒక్క అక్షరం పట్టుకుని వేలాడుతున్నారు. చలికాలంలో ఆ ఇంట్లో పెట్టేవి "చుఱ్ఱను" కూరలు, ఆవఘాటుతో ముక్కు అదిరే పచ్చళ్లు, పాయసాన్నాలు, ఊరగాయలు. వేసవిలో తియ్యని చారులు, పలుచని అంబళ్లు, చెరకుపాలు, వడపిందెలు, నీరుచల్ల. వానాకాలంలో వంటావిడ కళ్లకు పొగ పట్టకుండా కొబ్బరిచిప్పలు పొయ్యిలో పెట్టి వండుతుంది. ఇంతటి ఇంట్లో నుంచే "శాకాలు ఎక్కువ లేవు, వేడిగా లేదు" అన్న మాట వినపడుతోంది. చుఱ్ఱుమనే కూర వడ్డిస్తూ వేడిగా లేదంటున్నాడు! లేనితనం కాదది, పెట్టేవాడి ఒద్దిక. సువన్ పెద్దావిడ అన్నదీ అదే. సూపమైనా అపూపమైనా ఆ ఇంట్లో ఉండే ఉంటుంది, లేదన్నది నోరే.

బండి ఱ:
అదే నేనన్నదీ. ఉన్నవాటినే లేవంటున్నాడు కనుక, తప్పకుండా ఉండే పప్పునే లేదంటాడు. సూపో!

తుంగభద్ర:
నా మాటను మీ వైపు లాక్కున్నారు. సరే, కానివ్వండి. రాయలను చదివిన వాళ్లతో వాదించడం కన్నా చదవని వాళ్లకు వడ్డించడం సుఖం.

ఊరగాయజాడీ:
తుంగభద్ర గారి చలికాలపు ఊరగాయలకు ఇంకో తోడు. కొరియాలో నవంబరు, డిసెంబరుల్లో ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కలిసి చలికాలానికి కిమ్చి పెట్టుకుంటారు. కిమ్‌జాంగ్ అంటారు. 2013లో యునెస్కో జాబితాకెక్కింది. సోయా ముద్దలతో జాంగ్‌లు పెట్టే విద్య 2024లో ఎక్కింది.

మజ్జిగమిరప:
మన ఆవకాయకు ఎప్పుడో మరి.

సువన్‌వాసి:
"నాస్త్యుష్ణతా" అని ఇక్కడ మాత్రం అబద్ధమాడటం కష్టం. ఆ మట్టిపిడత, తుక్‌బేగి, పొయ్యి దింపాక కూడా చాలాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. పాతకాలపు ఇళ్లలో అన్నానికి మూతపెట్టిన కంచుగిన్నెలు వాడేవారు. రాగి 78 పాళ్లు, తగరం 22 పాళ్లు కలిపి చేసినవి. అన్‌సొంగ్ అనే ఊరు వాటికి పెట్టింది పేరు. అచ్చుగుద్దినట్టు అమరిన దేన్నయినా ఇప్పటికీ "అన్‌సొంగ్ మచ్చుమ్" అంటారు, అన్‌సొంగ్‌లో చెప్పి చేయించినది అని.

ఇంకా వడ్డించకముందు బల్ల మీద కప్పే గుడ్డ ఒకటుంది, సాంగ్‌బో. పెద్దావిడది కుట్టుపనిలో మిగిలిన పీలికలు కలిపి కుట్టినది. ఒక్క చదరం కూడా పక్కదానితో సరితూగదు. నడిమధ్య ఎత్తడానికి చిన్న గుడ్డముడి. గోడకు తగిలిస్తే ఎవరైనా చిత్రకళ అనుకుంటారు, ఆవిడ మాత్రం పులుసు మరక పడితే ఉతికి ఆరేస్తుంది.

మూడోబెంచి:
అయితే ఆ గుడ్డకూ సౌష్ఠవం లేదన్నమాట. నాకు కొరియాలో ఉద్యోగం దొరకదు.

మజ్జిగమిరప:
సుష్ఠు అన్నారు కదా అరసున్న గారు. "సుష్టుగా భోంచేశాడు" అని మనం అనేది అదేనా?

అరసున్న:
అదే. సుష్ఠు. ఠకు వత్తుండాలి.

సువన్‌వాసి:
భలే! ఇక్కడ తిన్నాక అతిథి అనాల్సిన మాట "చల్ మొగొస్సుమ్నిదా." చల్ అంటే చక్కగా, బాగా. అంటే సుష్ఠుగా తిన్నాను అని. "అమర్చినది ఏమీ లేదు" అన్న మాటకు జవాబు అదే.

బండి ఱ:
తెలుగులో సుష్టు అని టకారంతోనే స్థిరపడింది, ఠకారం పెడితే నిఘంటువు కింద కూర్చున్నట్టుంటుంది. "సుష్ఠుగా తిన్నాను" అని మీ ఇంట్లో ఎవరైనా అన్నారా?

అరసున్న:
మా ఇంట్లో అంటాం.

తుంగభద్ర:
టకారమైనా ఠకారమైనా నాకొకటే. మూడో పాదంలో యతి చూశారా ఎవరైనా? మొదటి అక్షరం "ధా", పదమూడోది "నాస్త్యుష్ణతా"లోని "నా". ధకూ నకూ ఎలా కుదిరింది?

అరసున్న:
బిందుయతి, అంటే ముందు సున్న ఉన్న అక్షరానికి దాని వర్గంలోని అనునాసికంతో పొత్తు. "సంధాన"లో ధకు ముందు సున్న ఉంది కదా.

బండి ఱ:
ఆ సున్న పై పాదం చివర ఉంది. పాదం దాటి బిందువును అరువు తెచ్చుకోవచ్చని ఏ లక్షణకర్త అన్నాడు?

అరసున్న:
సంధాన అనేది ఒకే పదం. పదం పాదం దాటింది, దానితోపాటు బిందువూ దాటింది.

బండి ఱ:
లక్షణం చూపించండి. రేపు ఉదయం దీనికి వేరే చర్చ తెరుస్తున్నాను.