ఫోర్ట్ కొచ్చి చూడ్డానికి గైడ్ అవసరమా?

ప్రశ్న: వచ్చే శనివారం అమ్మానాన్నలతో కొచ్చి వెళ్తున్నాం. నాన్నకు మోకాళ్ళ నొప్పులు. గైడ్‌ని పెట్టుకోవాలా, మేమే తిరిగేయొచ్చా?

జవాబు: శనివారమా? ఫోర్ట్ కొచ్చి పక్కనున్న మట్టాంచేరిలో యూదుల ప్రార్థనామందిరం ఆ రోజు తెరవరండీ. మేమూ అలాగే వెళ్ళి తాళం చూసి వచ్చాం. 1568 నాటిది. నేల మీది చైనా పలకల కోసమైనా ఆదివారానికి మార్చుకోండి. గైడ్ మాత్రం ఉండాలి. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో వాస్కో డ గామా సమాధి రాయి చూసి మా అత్తయ్య దణ్ణం పెట్టబోయింది. 1524లో ఇక్కడే పాతిపెట్టినా, తర్వాత అవశేషాలను పోర్చుగల్ తీసుకుపోయారని గైడ్ చెప్తే చెయ్యి దించేసింది! పైన వేలాడే గుడ్డ పంకాలు కూడా చూపించండి, వాటిని తాళ్ళతో లాగేవారు. డచ్ ప్యాలెస్ అంటారు గానీ కట్టింది పోర్చుగీసువాళ్ళు. డచ్చివాళ్ళు బాగుచేశారంతే. అక్కడ గోడల మీద రామాయణం చూస్తూ అత్తయ్య కదిలితే ఒట్టు.

జవాబు: మోకాళ్ళ నొప్పులంటే ఆటో మాట్లాడుకోండి. మసాలా కొట్ల దగ్గర ఆపొద్దని ముందే చెప్పండి, లేదంటే సగం పూట అక్కడే. చేపలు పట్టే చైనా వలలు సాయంత్రం చూడండి.

ప్రశ్న అడిగినవారు: ఆదివారానికి మార్చేశాం. దణ్ణం సంగతి చదివి వినిపిస్తే అమ్మ ఒకటే నవ్వు.