బ్రేస్ వేసుకుని బడికి వెళ్లనంటున్న అమ్మాయి: సలహా కావాలి

ప్రశ్న (ఒక తల్లి, గుంటూరు)

నమస్కారం. మా అమ్మాయికి 13 ఏళ్లు. సంక్రాంతికి జాకెట్టు కొలతలు తీసుకుంటూ, కుడి భుజం ఎత్తుగా ఉందని దర్జీ ఆవిడ అన్న తరువాతే మేము గమనించాము. ఎక్స్‌రేలో వెన్ను పక్కకు 31 డిగ్రీలు వంగిందని (స్కోలియోసిస్) తేలింది. ఎదుగుదల ఇంకా మిగిలి ఉన్నందున రోజుకు 18 గంటలు బ్రేస్ (ఒంటి చుట్టూ బిగించే గట్టి తొడుగు) వేసుకోవాలని డాక్టరుగారు చెప్పారు. ఇంట్లో వేసుకుంటోంది గానీ బడికి మాత్రం ససేమిరా అంటోంది. ఒక పెళ్లిలో మా బంధువు ఒకావిడ అందరి ముందూ "గూని" అన్న నాటి నుంచి ఫొటోల్లో నిలబడడం మానేసింది. బడిసంచి మోయించడం వల్లే ఇలా అయిందని మా అత్తగారు నన్ను తప్పుపడుతున్నారు. ఈ దశ దాటినవారు ఎవరైనా చెప్పగలరా?

జవాబు (ఫిజియోథెరపిస్టు, విశాఖపట్నం)

అమ్మా, ముందుగా మీ అత్తగారికి చెప్పవలసిన మాట: బడిసంచి బరువు వల్ల గానీ, కూర్చునే తీరు వల్ల గానీ ఇది రాదు. ఈ వయసులో నూటికి ఇద్దరు ముగ్గురిలో 10 డిగ్రీలు దాటిన వంపు కనిపిస్తుంది. వారిలో ఎక్కువమందికి కారణం తెలియదు. వెన్నుపూసలు పక్కకు వంగడంతో పాటు మెలితిరుగుతాయి కనుకనే ఒక వైపు పక్కటెముకలు పైకి లేచినట్లుంటాయి.

బ్రేస్ ఉన్న వంపును సరిచేస్తుందని ఆశించకండి, పెరగకుండా ఆపడమే దాని పని. అమెరికా, కెనడాల్లో జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, బ్రేస్ వేసుకున్నవారిలో 72 శాతం మందికి ఎదుగుదల ఆగేలోపు వంపు 50 డిగ్రీలకు చేరలేదు. వేసుకోనివారిలో ఇది 48 శాతమే. సగటున రోజుకు 13 గంటలకు పైగా వేసుకున్నవారిలో ఫలితం 90 శాతం దాటింది. అందువల్ల బడి గంటలను మినహాయించి సాయంత్రం, రాత్రి కలిపితే ఎంతవరకు సరిపోతుందో మీ డాక్టరుగారినే అడగండి, మీ అంతట మీరు తగ్గించకండి. ఆటలకు బ్రేస్ తీసి పంపవచ్చునా అన్నదీ అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు. మేము ఈ పిల్లల స్థితిని అంచనా వేయడానికి వాడే 22 ప్రశ్నల పత్రంలో నొప్పితో పాటు, తమ రూపం తమకు ఎలా అనిపిస్తోందన్నదీ అడుగుతారు. నా అనుభవంలో పిల్లల కలం ఆగేది అక్కడే.

జవాబు (ఖమ్మం, ప్రస్తుతం హైదరాబాదు)

అక్కా, నేను తొమ్మిది, పది తరగతులు బ్రేస్‌తోనే చదివాను. కింద పడ్డ పెన్ను వంగి తీసుకోలేక, బెంచీ పక్కనున్న స్నేహితురాలి మోచేతిని గిల్లేదాన్ని. మే నెలలో లోపలి బనియను గంటకే తడిసిపోయేది; కుట్లు ఒరుసుకోకుండా దానిని తిరగేసి వేసుకుని, రోజుకు రెండు మార్చేదాన్ని. తీసిన తరువాత అరగంట దాటినా ఎర్రటి గుర్తులు పోకపోతే, బ్రేస్ చేసినవారికి చూపించి సరిచేయించండి.

మా అమ్మ గోడ గడియారం చూస్తూ నా గంటలు లెక్కపెట్టినంత కాలం రోజూ గొడవే. చివరికి విసిగి, ఆ గంటలు రాసుకునే పుస్తకం నా చేతికే ఇచ్చేసింది. ఆ తరువాత కూడా నేను ఎగ్గొట్టాను గానీ, అబద్ధం చెప్పడం మానేశాను. ఆ బంధువుల మాటకు మాత్రం అక్కడికక్కడే మీరే జవాబు చెప్పాలి, అది అమ్మాయి వల్ల కాదు.

ప్రశ్న అడిగిన తల్లి

ఇద్దరికీ ధన్యవాదాలు. పుస్తకం నిన్ననే ఇచ్చాను. నా లెక్కకు 13 గంటలు అయింది, తాను 11 అని రాసుకుంది. నేనేమీ అనలేదు.