ఫిల్టరు విప్పితే వాకిలంతా ఆయిలే, మీరంతా ఎలా చేస్తున్నారు?

ప్రశ్న (విజయనగరం, కంటోన్మెంట్)

అందరికీ నమస్కారం. నాది రెండు సిలిండర్ల 650 బండి. సర్వీసుకిస్తే ఆయిల్ ఫిల్టరు నిజంగా మార్చారో, పాతదాన్నే తుడిచి పెట్టారో తెలియక, కిందటేడు నుంచి ఆయిల్, ఫిల్టరు మార్చే పని నేనే చేసుకుంటున్నాను. ఇంజను కింద పాత ఆయిల్ దింపే డ్రైన్ బోల్టు వరకూ ఏ ఇబ్బందీ లేదు. ఆయిల్ బుద్ధిగా వచ్చి బేసిన్‌లో పడుతుంది. ఫిల్టరు దగ్గరే పరువు పోతోంది. ఫిల్టరు డబ్బా ఇంజను ముందు, సైలెన్సర్ బెండ్ పైపుల దగ్గర అడ్డంగా ఉంటుంది. ఒక్క చుట్టు వదులు చేశానో లేదో, ఆయిల్ అంచు పట్టుకుని కారి, పైపు మీదికి పాకి, తనకి తోచిన చోటల్లా పడుతుంది. బేసిన్ పెట్టిన చోట తప్ప.

కిందటిసారి వాకిట్లో సిమెంటు మీద చేటంత మరక పడింది. సరిగ్గా మా అమ్మ ముగ్గు వేసే చోటు అది. నాలుగు నెలలైంది, రోజూ పొద్దున్నే ఆ మరక గురించి వింటూనే ఉన్నాను. ఆ మర్నాడు బండి స్టార్ట్ చేస్తే పైపు మీది ఆయిల్ కాలి ఒకటే పొగ. ఎదురింటాయన బిందెతో నీళ్లు పట్టుకొచ్చేశాడు.

పైడితల్లమ్మ పండగకి ముందు రోజు, తొలేళ్ల నాటికే చుట్టాలు దిగిపోతారు. ఈలోగా మార్చెయ్యాలి. గలీజు కాకుండా చేసే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

జవాబు (రాజాం)

మెకానిక్‌కి ఇచ్చెయ్యండి గురూ. మరకేదో ఆయన షెడ్డులోనే పడుతుంది, మీ అమ్మగారికి చింత ఉండదు.

జవాబు (బొబ్బిలి)

మా స్ప్లెండరుకి ఎనిమిదేళ్ల నుంచి ఆయిల్ మారుస్తున్నాం, ఫిల్టరు డబ్బా అన్నది ఎప్పుడూ చూడలేదు. మాకు మార్చకుండా వదిలేస్తున్నారంటారా?

జవాబు (ఆమదాలవలస)

బొబ్బిలి బాబూ, నీ బండికి కాగితం ఫిల్టరు ఉండదు. లోపల ఒక జాలీ, గిర్రున తిరుగుతూ మడ్డిని అంచుకి విసిరే చిన్న గిన్నెలాంటిది ఉంటాయి. ఇంజను పక్క మూత విప్పినప్పుడు వాటిని కడుగుతారు. ప్రతిసారీ మార్చేది కాదు, నిశ్చింతగా ఉండు.

ఇక విజయనగరం తమ్ముడికి. పాతికేళ్లు షెడ్డు నడిపాను, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. తప్పు బేసిన్‌ది కాదు నాయనా, తొందరది. డ్రైన్ బోల్టులోంచి ధార ఆగింది కదా అని నువ్వు వెంటనే ఫిల్టరు మీద పడుతున్నావు. అప్పటికి డబ్బాలో ఆయిల్ అలాగే ఉంటుంది. వెనక్కి పోకుండా లోపల రబ్బరు వాల్వు పట్టి ఉంచుతుంది కాబట్టి అది డ్రైన్‌లోంచి రాదు. ఎలాగూ కారుతుంది. ఎటు కారాలో నువ్వు ముందే చెప్పాలి.

బండి మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపు. ఇంజను వెచ్చబడితే చాలు, కాలకూడదు. ఊరంతా తిరిగొచ్చి వెంటనే ఆ పైపుల మధ్య చెయ్యి పెడితే మోచేతి మీద ముద్ర పడుతుంది. నాకు పడింది, ఇప్పటికీ ఉంది. సెంటర్ స్టాండ్ వేసి, పైన ఆయిల్ పోసే మూత తీసి, డ్రైన్ బోల్టు విప్పి, లోపలికి పోయి టీ తాగిరా. ఇరవై నిమిషాలు దాని జోలికి పోకు.

తర్వాత బెండ్ పైపులకి, ఫిల్టరు కింద ఇంజను అంచుకి, చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ రెండు పొరలు నొక్కి చుట్టు. ఇప్పుడు అసలు సంగతి. ఒక అరటి డొప్ప తెచ్చుకో. జానెడు ముక్క చాలు. దాని ఒక కొసని ఫిల్టరు డబ్బా ఇంజనుకి ఆనే అంచు కిందికి దూర్చి, రెండో కొస బేసిన్‌లోకి వాలేలా పెట్టు. డొప్ప సహజంగానే కాలవలా ఉంటుంది, మెత్తగా ఉంటుంది, ఎంత సందులోకైనా ఒదుగుతుంది. దొరక్కపోతే లీటరు నీళ్ల సీసాని నిలువుగా కోసినా పని జరుగుతుంది, కానీ ప్లాస్టిక్కు అంత ఒద్దికగా కూర్చోదు.

ఫిల్టరుని పావు చుట్టు, మహా అయితే అర చుట్టు వదులు చెయ్యి. మొదటి చుక్క కనపడగానే చెయ్యి తీసెయ్యి. అక్కడే అందరూ ఆగలేరు. ధారగా వచ్చి, సన్నబడి, చుక్క చుక్క అయ్యేదాకా అలా వదిలెయ్. అప్పుడు దళసరి పాలిథిన్ కవరు, బియ్యం ప్యాకెట్టుదైతే బాగుంటుంది, డబ్బా మొత్తానికి తొడిగి, కవరు మూతిని ఇంజనుకి ఆనించి పట్టుకుని, కవరు మీంచే చేత్తో తిప్పు. డబ్బా కవర్లోనే ఊడొస్తుంది. ఊడగానే దాని నోరు పైకి తిప్పి బయటికి తీసెయ్.

ప్రశ్న అడిగినవారు

గురువుగారూ, కవరు మీంచి చేత్తో తిప్పమంటున్నారు. నాకైతే రెంచ్ పెట్టినా కదలదు.

జవాబు (ఆమదాలవలస)

కిందటిసారి రెంచ్‌తో బిగించి ఉంటావు, అందుకే. మొదటి పావు చుట్టుకి, డబ్బా కొసకి టోపీలా తొడిగే కప్ రెంచ్ వాడుకో, తప్పులేదు. అది లేకపోతే పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తిప్పితే పట్టు దొరుకుతుంది. ఒకసారి కదిలాక మిగతాది చేతి పనే.

జవాబు (పార్వతీపురం)

ఇంత దేనికండీ? డబ్బాకి కింద ఒక మేకు కన్నం, పైన ఒక కన్నం కొడితే ఆయిలంతా తిన్నగా బేసిన్‌లోకి దిగిపోతుంది. నేను ఎప్పుడూ అంతే. కవర్లూ డొప్పలూ అక్కర్లేదు.

జవాబు (ఆమదాలవలస)

పని జరుగుతుంది, కాదనను. కానీ కన్నం పడ్డాక ఆ డబ్బా ఊడకపోతే బండి అక్కడికక్కడే ఆగిపోయినట్టు. కొత్త ఫిల్టరు సైజు తేడా వచ్చిందనుకో, దుకాణానికి నడిచి పోవాలి. ముందు పావు చుట్టు కదిలిందని చూసుకుని అప్పుడు కొడితే నాకు అభ్యంతరం లేదు. స్క్రూడ్రైవర్ అటునుంచిటు పొడిచి మెలితిప్పే పని మాత్రం వద్దు. రేకు చిరిగిపోతుంది, మూతి ఇంజనుకే ఉండిపోతుంది.

ఇంకో మాట చెప్పడం మరిచాను, ఇది అన్నిటికన్నా ముఖ్యం. పాత డబ్బా తీశాక దాని రబ్బరు రింగు డబ్బాతోనే వచ్చిందో లేదో చూడు. ఒక్కోసారి అది ఇంజనుకే అతుక్కుని ఉండిపోతుంది. నల్లటి మీద నల్లగా ఉంటుంది, కంటికి ఆనదు. వేలుతో తడిమి చూడు. దాని మీద కొత్త ఫిల్టరు బిగిస్తే రెండు రింగులవుతాయి. స్టార్ట్ చేసిన కాసేపట్లో ఆయిల్ పిచికారీలా కొడుతుంది. ముందు టైరు మీద పడితే మొదటి మలుపులోనే పడిపోతావు.

కొత్తదాని రింగుకి వేలితో కొత్త ఆయిల్ రాసి, చేత్తోనే బిగించు. ఇంజనుకి ఆనాక ఎంత తిప్పాలో డబ్బా మీద ఉంటుంది, చాలావాటికి ముప్పావు చుట్టు. వీడియోల్లో ఫిల్టరు నిండా ఆయిల్ పోసి బిగించమంటారు. నిలువుగా కూర్చునే డబ్బాకి సరే, నీది అడ్డం. పోసిందంతా మళ్లీ వాకిట్లోకే. డ్రైన్ బోల్టుకి కొత్త వాషరు వెయ్యి.

ఆయిల్ మాన్యువల్లో చెప్పినదానికన్నా కొంచెం తక్కువ పోసి, ఒక నిమిషం నడుపు. ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి, ఆరకపోతే వెంటనే ఆపెయ్. తర్వాత కాసేపు ఆగి, బండి నిటారుగా ఉంచి లెవెల్ చూసి మిగతాది పొయ్యి. సీసా మీద జాసో ఎంఏ2 అని ఉండాలి, క్లచ్ కూడా ఇంజను ఆయిల్‌లోనే మునిగి తిరిగే బైకులకి పనికొస్తుందని దాని గుర్తు. ఇంట్లో ఉంది కదా అని కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారడం మొదలవ్వచ్చు.

జవాబు (కవిటి)

మా ఉద్దానంలో కింద పడ్డ ఆయిల్‌కి ఊక జల్లుతాం. గంటలో పీల్చేస్తుంది, ఊడ్చెయ్యడమే. మీ పాత మరకకి సర్ఫు ముద్దలా కలిపి పూసి, గంట వదిలి, కొబ్బరి పీచుతో తోమండి. పల్చబడుతుంది కానీ పూర్తిగా పోదు. గుడ్డలు మాత్రం పాత బనియన్లు వాడండి. మా బావ ఒకసారి తొందరలో మావయ్యగారి పొందూరు కండువాతో తుడిచేశాడు. ఆ గొడవ ముందు మీ ముగ్గు గొడవ ఏ మూలకి?

ప్రశ్న అడిగినవారు

తీసిన పాత ఆయిల్ ఏం చెయ్యాలి? మా పక్కింటాయన కంచె గుంజలకి చెద పట్టకుండా పూస్తానని అడుగుతున్నాడు.

జవాబు (ఆమదాలవలస)

ఇవ్వకు. వానలకి కడుక్కుపోయి నేలలోకి, నూతిలోకి దిగుతుంది. కాలవలో పోస్తే ఇంకా పాపం, మీ చంపావతైనా మా నాగావళైనా ఒకటే. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే చేరాలి. డ్రమ్ముల్లో పోగుచేసి వాళ్లకి పంపే పెద్ద సర్వీసు సెంటర్లో అడిగి ఇచ్చెయ్. పాత సీసాలోనే పోసి మూత బిగించుకో. ఫిల్టరు కూడా ఒక రాత్రి బోర్లించి కార్చి, వాళ్లకే ఇవ్వు. చేతులకి గ్లవ్స్ వేసుకో. మేం వేసుకోలేదు, మా వేళ్లు చూస్తే తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు (వారం తర్వాత)

ఆదివారం చేశాను. అరటి డొప్ప గురించి మీరు రాసినప్పుడు నవ్వుకున్నాను గురువుగారూ, కానీ ఆయిల్ దాని మీద పడి గీత గీసినట్టు బేసిన్‌లోకి దిగుతుంటే అలా చూస్తూ కూర్చున్నాను. పదకొండు నిమిషాలు కారింది. రింగు ఇంజనుకే ఉండిపోయింది. మీరు చెప్పి ఉండకపోతే చూసేవాణ్ణి కాదు. ఒక్క తప్పు జరిగింది. డ్రైన్ బోల్టు పాత వాషరు బేసిన్‌లో పడిపోతే, కొత్తదాని సైజు సరిపోల్చడానికని మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాను. గ్లవ్స్ మణికట్టు దాకానే ఉన్నాయి.

కింద గోనె పరిచాను, దాని మీద మూడు చుక్కలు. సిమెంటు మీద ఏమీ లేదు. పైపుల పొగ లేదు. పాత మరక సగం పోయింది.

సాయంత్రం అమ్మ వాకిలి చూసి, "ఏట్రా, ఈసారి ఆయిల్ మార్చలేదేటి?" అంది.

జవాబు (రాజాం)

గురూ, వచ్చే ఆదివారం నా బండి తెచ్చేదా? డొప్ప నేనే పట్టుకొస్తా.