సరిహద్దు అంతా కంచె వేస్తే చొరబాట్లు ఆగిపోతాయా?

గోదారిగట్టు:
2025 ఫిబ్రవరిలో కేంద్రం పార్లమెంటుకి చెప్పిన లెక్క ఇది. బంగ్లాదేశ్‌తో మన సరిహద్దు 4,096.7 కిలోమీటర్లు. 3,232 కిలోమీటర్ల మేర కంచె పడింది, 864 కిలోమీటర్లు ఇంకా పడలేదు. అందులో 174 కిలోమీటర్లు నదులూ చిత్తడి నేలలూ, అక్కడ వేయడం కుదరదంటున్నారు. సరే. మిగిలిన 690 సంగతేంటి? బెంగాల్ భూమి ఇవ్వట్లేదని కేంద్రం, ఇస్తూనే ఉన్నామని బెంగాల్. ఏళ్ల తరబడి ఇదే పాట నడిచింది. అది పూర్తిచేసి పారేస్తే ఈ గొడవ సగం తీరిపోతుందని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కారణం చెప్పండి, తిట్లు వద్దు.

నిప్పుకోడి:
కంచె పదడుగులు వేస్తే పన్నెండడుగుల నిచ్చెన తెస్తారు. చర్చ సమాప్తం.

సిక్కోలు మాజీ:
బీఎస్ఎఫ్‌లో ఇరవై రెండేళ్లు చేసి రిటైరయ్యాను. అందులో తొమ్మిదేళ్లు బెంగాల్ సరిహద్దే. కంచె అంటే గీత మీద కట్టిన గోడ అనుకుంటున్నట్టున్నారు మీరంతా. కాదు. మామూలుగా గీతకి 150 గజాలు ఇవతల ఉంటుంది. కంచెకీ గీతకీ మధ్య ఉన్నవి మన రైతుల పొలాలే. కొన్నిచోట్ల ఇళ్లు కూడా అవతలే ఉండిపోయాయి. పొలానికి వెళ్లాలంటే గేటు దాటాలి. మా గేటు పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం తీసేవాళ్లం. రైతు ఓటరు కార్డు మా దగ్గర పెట్టి టోకెన్ తీసుకోవాలి. కొడవలి, ఎరువు బస్తా, ఎద్దులు అన్నీ రిజిస్టర్లో ఎక్కాలి. రెండు ఎద్దులు వెళ్తే రెండూ తిరిగి రావాలి.

మా వైపు గోగు వేసినట్టు అక్కడ జనుము వేస్తారు, జూట్ అంటారే, అది. వానాకాలం నడిమికి వచ్చేసరికి మనిషిని దాటి ఎదిగిపోతుంది, ఇంక చూపు ఆనదు. కంచె పక్కన అది వేయొద్దని బతిమాలేవాళ్లం. వాళ్లకేమో చేతికి డబ్బొచ్చే పంట అదే.

కంచె ఉంటే తీగలు కత్తిరించడానికి కాసేపు పడుతుంది. ఆలోపు మేం అక్కడికి చేరుకోవాలి. దాని ఉపయోగం అంతే. ఆ మాత్రం కూడా లేనిచోట ఒక రాత్రి డ్యూటీ చేసి, అప్పుడు వేయండి నిచ్చెన జోకులు.

కొలతల మాస్టారు:
ఒక్క నిమిషం. 150 గజాలు ఇవతలా? అంటే 137 మీటర్లు. 4,096.7 కిలోమీటర్లతో హెచ్చవేస్తే దాదాపు 562 చదరపు కిలోమీటర్లు. లక్షా ముప్పై ఎనిమిది వేల ఎకరాల పైమాటే. ఇంత భూమి వదిలేయమని ఎవరన్నారు?

లా పాయింట్:
ఎవరూ వదిలేయలేదు సార్, రైతులు దున్నుకుంటున్నారని పైన చెప్పారు కదా. 1975లో రెండు దేశాల సరిహద్దు అధికారుల కోసం మార్గదర్శకాలు రాసుకున్నారు. గీతకి రెండు పక్కలా 150 గజాల లోపు రక్షణ నిర్మాణాలు ఉండకూడదని అందులో ఉంది. ముళ్లకంచె రక్షణ నిర్మాణం ఎలా అవుతుందని మనం, అవుతుందని వాళ్లు. 2025 జనవరిలో ఢాకాలో మన హైకమిషనర్‌ని పిలిపించుకుని మాట్లాడింది ఈ కంచె పనుల మీదే.

కొలతల మాస్టారు:
కంచె పడనిచోట 150 గజాల ప్రశ్న రాదు కాబట్టి 3,232తోనే హెచ్చవేయాలి. 443 చదరపు కిలోమీటర్లు. సవరించుకుంటున్నా. ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

జగిత్యాల పోరడు:
సరిహద్దు కాడ ఏం జేస్తరో చేస్కోండ్రి. నాకు తెలిసింది సైటు. సెంట్రింగ్ పనికి సూపర్‌వైజర్‌ను నేను. మా దగ్గర బెంగాల్‌లున్న మాల్దా, ముర్షిదాబాద్ పోరగాళ్లు పనిచేస్తరు. అనుమానం ఉన్నోళ్ల కాయిదాలు ముప్పై రోజులల్ల తేల్చుండ్రని 2025 మేల కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు చెప్పింది గదా. గా తర్వాత ఒకనాడు రాత్రి వచ్చి ఆరుగుర్ని వట్కపోయిన్రు. ఏ ఊరు, ఏ స్టేషన్ అన్నది ఈడ చెప్ప. వాళ్లు చేసిన తప్పల్లా ఫోన్ల బెంగాలీ మాట్లాడుడు. ఆధార్ చూపెట్టిన్రు. గిసొంటివి మస్తు చూసినం అన్నరట. వాళ్ల ఊరి ప్రధాన్, అంటే మన సర్పంచ్ లెక్క, వాట్సాప్‌ల కాయిదం పంపిండు. నాలుగొద్దులకు ఇడిచిన్రు. ఆరుగురూ ఈ దేశపోళ్లే. తెల్లారే ఇద్దరు బొంత చుట్టుకొని రైలెక్కిన్రు. మిగిలినోళ్లు ఇప్పటికీ బస్సుల ఇంటికి ఫోన్ చెయ్యరు. సైటుకు వచ్చినంక చేస్తరు.

గోదారిగట్టు:
ఆరుగురూ మనవాళ్లేనని తేలింది, వదిలేశారు. వ్యవస్థ పనిచేసినట్టే కదా? ఎయిర్‌పోర్టులో మనల్నీ ఆపి చూస్తారు. ఏడుస్తున్నామా?

రాత్రిడ్యూటీ:
ఎయిర్‌పోర్టులో నాలుగు రోజులు కూర్చోబెడతారా అన్నా?

నిప్పుకోడి:
ఆధార్ ఉంటే సరిపోదా? బ్యాంకు వాడికి సరిపోతుంది, సిమ్ కార్డు వాడికి సరిపోతుంది.

లా పాయింట్:
సరిపోదు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టమే చెప్తోంది. 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. 1920, 1939, 1946, 2000 నాటి నాలుగు చట్టాలు తీసేసి ఇదొక్కటి పెట్టారు. పాస్‌పోర్టు, వీసా లేకుండా వస్తే ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. దొంగ పత్రాలు వాడితే రెండు నుంచి ఏడేళ్లు, పది లక్షల దాకా. జరిమానాలు పెరిగాయి. కానీ అసలు విషయం శిక్ష కాదు...

గోదారిగట్టు:
అసలు విషయం కంచె. టాపిక్ చూడండి.

సిక్కోలు మాజీ:
జగిత్యాల తమ్ముడూ, నువ్వు ఆరుగుర్ని చూశావు. నేను వందల మందిని చూశాను. దలాల్ ఉంటాడు, ఇవతల ఒకడు, అవతల ఒకడు. దాటించేదొకడు, కార్డు చేయించేదొకడు. ఆరునెలలు తిరిగేసరికి ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు అన్నీ ఉంటాయి. మీ సైటుకి వచ్చేసరికి వాడు మాల్దావాడే. నీకెలా తెలుస్తుంది? నిజం చెప్పాలంటే మీ కాంట్రాక్టరుకి తెలుసుకోవాలనీ ఉండదు. లోకల్ కూలీకంటే రెండొందలు తక్కువకి వస్తున్నాడు, అంతే చాలు. నీ బాధ కూలీల మీద కాదు, స్లాబు ఆగిపోయిందని.

జగిత్యాల పోరడు:
సారూ, నీకు స్లాబు మాట ఎవ్వలు చెప్పిన్రు? మా అన్న దుబాయ్‌ల ఆరేండ్లు ఖల్లివెల్లి ఉండె. ఖల్లివెల్లి అంటే ఎరికేనా? కంపెనీ పాస్‌పోర్టు గుంజుకొని జీతం ఇయ్యకపోతే బయటికొచ్చి దొంగతనంగ పనిచేసుకుంట బతుకుడు. ఎడారిల మేకలు కాసిండు, బిల్డింగులకు సున్నం ఏసిండు. పోలీస్ బండి కనవడితే సందులకు ఉరుకుడు. మా అవ్వ చచ్చిపోతే రాలేదు. వీడియోల చూసిండు. 2018ల ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, వెట్టినంక దేశం దాటే కాయిదం, ఔట్‌పాస్, తీస్కొని ఇల్లు చేరిండు. మా మండలంల ఏ ఊరికి పోయినా ఇసొంటోళ్లు దొరుకుతరు. మరి మా అన్న ఏమైతడు నీ లెక్కల? చొరబాటుదారా?

గోదారిగట్టు:
మీ అన్న వీసాతో వెళ్లాడు. రెండూ ఒకటి ఎలా అవుతాయి?

జగిత్యాల పోరడు:
వీసా అయిపోయినంక ఒకటే అయితది. ఆడ జైలుల అది వేరే, ఇది వేరే అని ఉండదు.

గ్రూప్ పెద్ద:
మతాల మీదికి వెళ్లిన రెండు పోస్టులు తీసేశాను. ఎవరివో వాళ్లకి తెలుసు. ఇంకోసారి అయితే ఈ చర్చ మూసేస్తా.

సిక్కోలు మాజీ:
సానుభూతి అందరికీ ఉంటుంది బాబూ. పశువుల్ని దాటించేవాళ్లు ఒక రాత్రి పాతికమంది ఒక్కసారి మీద పడ్డారు. పొగమంచు, టార్చి వేస్తే తెల్లగోడ కనిపిస్తుంది తప్ప మనిషి కనబడడు. వాళ్ల చేతుల్లో కత్తులు, అక్కడ దావ్ అంటారు, మన కత్తిపీట అంత ఉంటుంది. నా పక్కనున్న కుర్రాడికి కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. మా చేతిలో ఉన్నది ప్రాణం తీయని రబ్బరు గుళ్ల తుపాకీ. ఆ కుర్రాడు ఇప్పుడు ఎడంచేత్తో అన్నం తింటున్నాడు. అతని గురించి ఏ వెబ్‌సైటులోనూ ఎవరూ రాయరు. అందుకే ఆరుగురిని నాలుగు రోజులు ఉంచారంటే నాకు పెద్ద గుండె కరగదు.

జగిత్యాల పోరడు:
ఆ తమ్మునికి అట్ల అయినందుకు నాకు మనసు బాధ అయితది, ఒట్టు. కని వాని వేళ్లు నరికినోళ్లు పశువుల దొంగలు. సెంట్రింగ్ పోరగాళ్లు కాదు. ఆళ్ల కోపం వీళ్ల మీద ఎందుకు?

టీతోట:
ఒక చిన్న మాట. బ్రిటిష్‌వాళ్ల కాలంలో సిక్కోలు, గంజాం నుంచి అస్సాం టీ తోటలకి వెళ్లిన తెలుగువాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. ఇంట్లో తెలుగు, బయట తోటల్లో అందరూ మాట్లాడే సాద్రీ భాష. వాళ్లనీ కాగితాలు అడిగారు.

లా పాయింట్:
నేను అందాకే వస్తున్నా, మధ్యలో ఆపేశారు. ఎన్నార్సీ, అంటే పౌరుల జాబితా, చూడండి. 2019 ఆగస్టు 31న అస్సాంలో తుది జాబితా వచ్చింది. 3 కోట్ల 30 లక్షల మంది దరఖాస్తు పెడితే 19,06,657 మంది పేర్లు రాలేదు. 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందు మీ తండ్రో తాతో ఇక్కడ ఉన్నట్టు కాగితం చూపాలి, మీరు ఆయన బిడ్డేనని ఇంకో కాగితం చూపాలి. పెళ్లై వేరే ఊరు వెళ్లిన, బడికి వెళ్లని ఆడమనిషి దగ్గర ఆ రెండో కాగితం ఎక్కడుంటుంది? పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన ధ్రువపత్రం. అది చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ జాబితాని తప్పుపట్టింది వలసల్ని సమర్థించేవాళ్లే కాదు, అక్కడి అధికార పార్టీ కూడా.

1946 నాటి పాత విదేశీయుల చట్టంలో సెక్షన్ 9 ప్రకారం, నువ్వు విదేశీయుడివని అనుమానమొస్తే కాదని నువ్వే రుజువు చేసుకోవాల్సి ఉండేది. 1983లో అస్సాంకి మాత్రం వేరే చట్టం తెచ్చి ఆ బరువు ఫిర్యాదు చేసేవాడి మీద పెట్టారు. దానివల్ల చొరబాటుదారుల్ని పట్టుకోవడం అసాధ్యమైందని 2005లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పుడొచ్చిన కొత్త చట్టంలోనూ బరువు మనిషి మీదే. 2025 సెప్టెంబర్లో అస్సాం ప్రభుత్వం పెట్టిన పద్ధతిలో అయితే కలెక్టర్ ముందు రుజువు చూపుకోవడానికి పది రోజులు. మీరు కొట్టుకుంటున్నది కంచె గురించి కాదు. ఎవడు రుజువు చేయాలి అన్నదాని గురించి.

గోదారిగట్టు:
అయితే ఏంటి? దొంగ కాదని నిరూపించుకోవడానికి నిజాయితీపరుడికి భయమెందుకు? నా దగ్గర అన్ని కాగితాలూ ఉన్నాయి.

రాత్రిడ్యూటీ:
మా అమ్మ పేరు ఆధార్‌లో సత్యవతి, రేషన్ కార్డులో సత్తెమ్మ, నా పదో తరగతి సర్టిఫికెట్లో సత్యవతమ్మ. పుట్టినరోజు మూడింటిలోనూ జనవరి 1. అన్నా, నీకు అన్నీ ఉన్నాయేమో. సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి తీసి చూసుకో.

గోదారిగట్టు:
మా నాన్నగారి ఇంటిపేరు ఒకచోట ఒకలా, ఒకచోట ఒకలా పడింది. అది వేరే విషయం. అఫిడవిట్ పెట్టుకుంటే పోతుంది.

జగిత్యాల పోరడు:
సిక్కోలు సార్, ఒక్కటే అడుగుత, కోపం తెచ్చుకోకు. నీ గేటు కాడికి ఎవ్వలన్న టోకెన్ మర్సిపోయి వచ్చిండా? కార్డు లేకుంట? ఏం జేసేటోనివి?

సిక్కోలు మాజీ:
వచ్చేవారు. ఒక ముసలాయన ఉండేవాడు, చెవులు వినబడవు. వారానికి ఒకసారైనా కార్డు ఇంట్లో మర్చిపోయేవాడు. ఇల్లు నాలుగు కిలోమీటర్లు. వెనక్కి పంపితే తిరిగొచ్చేసరికి గేటు వేసే టైమ్. ఆయన మనవరాలు ఆ ఊరి బడిలోనే చదివేది, కొడుకు పెళ్లికి మాకు మిఠాయి తెచ్చాడు. రిజిస్టర్లో నంబరు పాతదే రాసి వదిలేసేవాణ్ణి. రూల్ ప్రకారం తప్పే.

జగిత్యాల పోరడు:
అంటే మొఖం చూసి వదిలినవ్. మా సైటు పోరగాళ్ల మొఖం నేను ఐదేండ్ల సంది చూస్తున్న. నా మాట ఎవ్వలూ అడగలే.

సిక్కోలు మాజీ:
అది వేరు. ఆయన్ని మూడేళ్లు రోజూ చూశాను.

జగిత్యాల పోరడు:
నేను ఐదేండ్లు అన్న.

కొలతల మాస్టారు:
ఇంతకీ ఆ ముసలాయన పొలం 150 గజాల లోపలేనా? అయితే పట్టా ఏ దేశం ఇచ్చింది?

సిక్కోలు మాజీ:
మనదే మాస్టారూ. మన దేశం పట్టా, మన దేశం శిస్తు. ఎన్నిసార్లు చెప్పాలి?

తమ్ముడూ, నువ్వడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. కంచె ఉండాలనే అంటాను, ఆ మాట మార్చుకోను. మా బెటాలియన్ అక్కణ్ణుంచి మారేటప్పుడు కొత్తవాళ్లకి గేటు అప్పజెప్పి వచ్చాం. తాళాలు, రిజిస్టర్లు, టోకెన్లు లెక్కపెట్టి సంతకాలు పెట్టించుకున్నాం. ముసలాయన గురించి చెప్పడానికి రిజిస్టర్లో గడి లేదు. నోటితో ఒక కుర్రాడికి చెప్పాను. వాడికి గుర్తుందో లేదో.